జిమ్ మార్షల్ ఛాయాచిత్రాలు: కృతిభర్త సమస్య

రాక్ సంగీతాన్ని గురించి మన అభ్యుదయ విమర్శకులు రాసింది బహు తక్కువ. రాసిన కొద్దిలోనూ ఒకే మాట తిరగేసి మరగేసి చెప్పినట్టుంటుంది: అది సామ్రాజ్యవాద సంస్కృతి, క్షీణయుగపు కేకలు, యువకులను పోరాటాలనుంచి మళ్ళించే మత్తుమందు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే కొంత నిజం ఉన్న మాటే విమర్శకు ఎక్కువ హాని చేస్తుంది. పూర్తి అబద్ధాన్ని ఎవరో ఒకరు ఖండిస్తారు. సగం నిజాన్ని అందరూ తలూపి వదిలేస్తారు.

నేను పాఠం చెప్పే కాలేజీ ఉప్పల్‌కూ నాచారానికీ మధ్య ఉంది. మా విద్యార్థుల్లో చాలామంది నాచారం పారిశ్రామికవాడలో పనిచేసేవారి పిల్లలు. వారి నల్లచొక్కాల మీద జిమీ హెండ్రిక్స్ ముఖమో, వేలు చూపి తిడుతున్న జానీ క్యాష్ బొమ్మో ఉంటుంది. ఉప్పల్ చౌరస్తాలో తోపుడుబండి మీద దొరికే చొక్కాలవి. బొమ్మలో ఉన్నదెవరో పిల్లలకు తెలుసు. ఆ బొమ్మను తీసిన మనిషి ఒకడున్నాడనీ, అతనికి ఒక పేరూ, ఒక జీవితమూ, ఒక దృక్పథమూ ఉన్నాయనీ వారికి తోచలేదు. తోచకపోవటం వారి తప్పు కాదు. వస్తువును చూపి శ్రమను దాచటం మార్కెట్టు స్వభావం. ఆ దాచబడ్డ శ్రమను బయటికి లాగటం విమర్శకుడి పని గనక, క్యాష్ వేలెత్తిన ఆ బొమ్మను తీసిన జిమ్ మార్షల్ అనే ఫోటోగ్రాఫరు కృషిని ఇక్కడ పరిశీలిస్తాను. కవిత్వం మీద రాసేవాడికి కెమేరాతో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. మన సాహిత్య చరిత్రలో ఒక పాత సమస్య ఈ మనిషి జీవితంలో కొత్తవేషంలో కనబడింది. అందుచేత పని పడింది.

మార్షల్ 1936లో షికాగోలో పుట్టాడు, శాన్‌ఫ్రాన్సిస్కోలో పెరిగాడు, 2010 మార్చిలో న్యూయార్క్‌లో చనిపోయాడు. అయిదువందలకు పైగా రికార్డుల అట్టలమీద అతని చిత్రాలున్నాయి. అతని ఆయుధం లైకా కెమేరా. చిన్నది, చేతిలో ఇముడుతుంది, మీట నొక్కితే చప్పుడు దాదాపు వినబడదు. ఈ సాంకేతిక విషయం చిన్నదిగా కనబడుతుంది గాని కాదు. అప్పటిదాకా గాయకుడి చిత్రమంటే స్టూడియోలో పెద్ద దీపాల మధ్య, నున్నటి జుట్టుతో, రికార్డు కంపెనీ చెప్పిన నవ్వు నవ్వుతూ కూర్చున్న మనిషి చిత్రం. మార్షల్ పెద్దదీపాలను వదిలేశాడు. ఉన్న వెలుతురులో తీశాడు. వేదిక వెనకగదిలో ఒక బల్బు ఉంటే ఆ బల్బే దిక్కు. అందుమూలాన నీడలు ముదురుగా, బొమ్మ కాస్త గరుకుగా వస్తుంది. ఆ గరుకులో చెమటా, నలిగిన చొక్కా, సిగరెట్టు పీకలు నిండిన పళ్ళెం, పనికి ముందు పనివాడిలో ఉండే బెదురు, అన్నీ కనబడతాయి. గాయకుడు మొదటిసారిగా పనివాడిగా కనబడ్డాడు. రూపంలో వచ్చిన ఈ మార్పు వస్తువును మార్చింది.

1960లో జరిగిన ఒక సంగతి అతని పద్ధతికి మూలమని చెబుతారు. జాజ్ వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చి, అవతలి ఒడ్డున బర్క్‌లీలో ఉన్న రాల్ఫ్ గ్లీసన్ అనే సంగీత విమర్శకుడి ఇంటికి దారి అడిగాడట. నేను తీసుకువెళతాను, ఫోటోలు తీసుకోనిస్తే చాలునన్నాడట మార్షల్. ఆ రోజు తీసిన కోల్‌ట్రేన్ ముఖం ఆలోచిస్తున్న మనిషి ముఖం. నీగ్రో వాద్యకారుణ్ణి పళ్ళికిలించే వినోదగాడిగా చూపటానికి అలవాటు పడిన దేశంలో ఆ చిత్రం ఒక వాదన. ఇందులో గమనించవలసింది మరొకటుంది. ఇక్కడ మధ్యవర్తి లేడు, కంపెనీ లేదు, ఒప్పందం కాగితం లేదు. ఒక పనివాడు మరో పనివాడికి దారి చూపాడు, బదులుగా అతను ముఖం చూపాడు. మార్షల్ ఉత్తమ చిత్రాలన్నీ ఇటువంటి సంబంధంనుంచి పుట్టినవే. ఆ సంబంధం చెడినప్పుడు చిత్రాలు కూడా చెడ్డాయి. దీనికి మళ్ళీ వస్తాను.

1962లో అతను న్యూయార్క్ వెళ్ళాడు, రెండేళ్ళున్నాడు. ఆ రెండేళ్ళూ అతని జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైనవని నా అభిప్రాయం. అతని అభిమానుల్లో చాలామంది ఒప్పుకోరు. 1963లో ఒక ఉదయం వీధిలో పాతటైరును దొర్లించుకుంటూ పోతున్న కుర్రవాడు బాబ్ డిలన్‌ను తీసిన చిత్రం ఈ కాలానిదే. అది అందరికీ తెలుసు. అదే సంవత్సరం కెంటకీ రాష్ట్రంలో హజార్డ్ అనే గనుల ఊరికి వెళ్ళి బొగ్గుగని కార్మికులను తీశాడు. కార్మికసంఘం నడిపే ఆస్పత్రులు మూతపడే స్థితికి వచ్చి, వైద్యసహాయపు కార్డులు రద్దయి, పనిపోయిన గనికార్మికులు గుంపులుగా ఒక గనినుంచి మరో గనికి తిరుగుతూ పికెటింగు చేసిన రోజులవి. సింగరేణిని ఎరిగిన పాఠకులకు ఆ ముఖాలు కొత్తగా ఉండవు. అదే సంవత్సరం మిసిసిపీలో నీగ్రోల ఓటుహక్కు కోసం జరిగిన కృషిని కూడా చిత్రించాడు. 1961నుంచి 1968 దాకా ఎక్కడ గోడమీద, రొమ్ముబిళ్ళమీద శాంతిచిహ్నం కనబడినా తీస్తూపోయాడు. 1958లో ఇంగ్లండులో అణ్వస్త్ర వ్యతిరేక యాత్రకు గీసిన ఆ గుర్తు అమెరికా వీధుల్లోకి ఎలా పాకిందో ఆ వరుస చూస్తే తెలుస్తుంది.

హజార్డ్ చిత్రాలు ఎందరికి తెలుసు? ఏ చొక్కామీదా ఆ కార్మికుల ముఖం లేదు. శాంతిచిహ్నాల చిత్రాలు పుస్తకంగా వచ్చింది 2017లో, ఆయన పోయిన ఏడేళ్ళకు. ఒకే కెమేరా, ఒకే చెయ్యి, ఒకే చూపు. డిలన్ చిత్రం లక్షలసార్లు అచ్చయింది, గనికార్మికుడి చిత్రం పెట్టెలో ఉండిపోయింది. అంటే కళాకారుడి జీవితచరిత్ర అని మనం అనుకునేది సగం మార్కెట్టు రాసిన చరిత్ర. ‘రాక్ సంగీత ఛాయాచిత్రకారుడు’ అన్న బిరుదే మార్షల్‌కు కొనుగోలుదారులు ఇచ్చినది. వాళ్ళు కొన్నవాటిని బట్టి మనిషికి పేరు పెట్టారు.

1964లో అతను శాన్‌ఫ్రాన్సిస్కో తిరిగివచ్చాడు. అప్పటినుంచి కథ వేగంగా నడుస్తుంది. 1966 ఆగస్టు 29న క్యాండిల్‌స్టిక్ పార్కులో బీటిల్స్ ఇచ్చిన కచేరీ, వారు టిక్కెట్టు పెట్టి ఇచ్చిన ఆఖరి కచేరీ. వేదిక వెనకకు అనుమతి దొరికిన ఫోటోగ్రాఫరు అతనొక్కడే. 1967 జూన్‌లో మాంటెరే ఉత్సవం. హెండ్రిక్స్ గిటారుకు నిప్పుపెట్టిన ఆ రాత్రి మార్షల్ అక్కడున్నాడు. (ఆ నిప్పుబొమ్మల్లో అన్నిటికన్నా పేరుపడ్డది మార్షల్‌ది కాదు, ఎడ్ కారఫ్ అనే పదిహేడేళ్ళ కుర్రవాడిది. చరిత్ర ఎప్పుడూ పెద్దవాళ్ళనే వరించదు.) 1969లో ఉడ్‌స్టాక్. ఈ పేర్లూ తేదీలూ అన్ని పుస్తకాల్లోనూ ఉన్నాయి గనక నేను ఏకరువు పెట్టను. రెండు చిత్రాల దగ్గర మాత్రం ఆగుతాను.

మొదటిది చొక్కాల మీదికెక్కిన క్యాష్ చిత్రం. 1969 ఫిబ్రవరి 24న కాలిఫోర్నియాలోని శాన్‌క్వెంటిన్ జైలులో క్యాష్ ఖైదీల ఎదుట పాడాడు. అంతకు ముందటేడు ఫోల్సమ్ జైలులోనూ పాడాడు. రెండుచోట్లా మార్షల్ వెంట ఉన్నాడు. కచేరీకి ముందు సరిచూసుకునే వేళ, జైలు వార్డెన్ కోసం ఒక ఫోటో తీద్దామన్నాడట మార్షల్. క్యాష్ పెదవి బిగించి, కెమేరా కళ్ళల్లోకి చూస్తూ, మధ్యవేలు ఎత్తి చూపాడు. వేదికకు అడ్డం నిలబడ్డ టెలివిజను బృందం మీద విసుగుతో చూపాడని మరో కథనం ఉంది. ఏదైనా, ఆ కోపం నిజమైనది. ఎదుట ఉన్న శ్రోతలు ఖైదీలు. గాయకుడు వారి పక్షాన నిలిచి అధికారాన్ని తిడుతున్నాడు. అశ్లీలమని మనలో శిష్టులు ముఖం తిప్పుకోవచ్చు. వేమన పద్యాల్లో కొన్నిటిని పాఠ్యపుస్తకాలనుంచి తీసేసినవారు కూడా శిష్టులే.

ఆ చిత్రానికి తరువాత పట్టిన గతి చూడాలి. 1998లో క్యాష్ రికార్డు ఒకదానికి గ్రామీ బహుమానం వచ్చింది. అతన్ని ఏళ్ళతరబడి పక్కనబెట్టిన నాష్‌విల్ సంగీతవ్యాపారులను ఎగతాళి చేస్తూ, ‘మీ సహాయానికి కృతజ్ఞతలు’ అనే అర్థంలో, ఇదే చిత్రాన్ని బిల్‌బోర్డ్ పత్రికలో పూర్తిపుట ప్రకటనగా వేశారు. జైలుమీద ఎత్తిన వేలు వ్యాపారులమీద ఎత్తిన వేలయింది. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ ప్రకటనకు డబ్బు కట్టింది కూడా ఒక రికార్డు కంపెనీయే! తిరుగుబాటును అమ్మటంలో పెట్టుబడికి ఏనాడూ అభ్యంతరం లేదు, లాభం వస్తే చాలు. ఇప్పుడు ఉప్పల్‌లో చొక్కామీద ఆ వేలు ఎవరికి చూపబడుతున్నది? ఖైదీలు లేరు, వార్డెన్ లేడు, జైలు గోడ లేదు. ఒక ముఖమూ ఒక వేలూ మిగిలాయి. చిత్రాన్ని సందర్భంనుంచి కోసెయ్యటమంటే ఇదే. దీనికి మార్షల్‌ను తప్పుపట్టలేము. 2004లో అచ్చయిన ‘ప్రూఫ్’ అనే పుస్తకంలో అతను తాను ఎంచుకున్న బొమ్మ పక్కనే ఆ రీలంతా వరుసగా అచ్చువేయించాడు. అందులో ముందువెనకలు కనబడతాయి. కవి కొట్టివేతలతో సహా రాతప్రతిని అచ్చువేయించటం వంటిదది. అంత ధైర్యం మన కవుల్లో ఎందరికుంటుందో నాకు తెలియదు.

రెండో చిత్రం 1968నాటిది. గాయని జానిస్ జాప్లిన్ వేదిక వెనక సోఫామీద వాలి, చేతిలో మద్యం సీసాతో, ముఖంలో వెలుగుపోయి ఉంటుంది. ఆ తరువాత, 1970లో, ఆమె మత్తుమందుతో చనిపోయింది. ఈ చిత్రాన్ని వాస్తవికతకు నమూనాగా చాలామంది మెచ్చుకున్నారు. మా తరగతిలో ఒక అమ్మాయి వేరేగా అన్నది: తాగి పడ్డ మగగాయకుడి చిత్రాన్ని వీరుడి చిత్రమంటారు, తాగి పడ్డ ఆడదాని చిత్రాన్ని జాలిచిత్రమంటారు, రెండోదాన్ని ఎక్కువ ధరకు అమ్ముతారు. ఈ మాటకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. జాప్లిన్‌కు మార్షల్‌మీద నమ్మకం లేకపోతే అతన్ని ఆ గదిలోకి రానిచ్చేది కాదన్నది నిజం. అతను ఆమె నవ్వుతున్న చిత్రాలు కూడా తీశాడన్నదీ నిజం. కాని నమ్మకం ఇచ్చినది ఒక మనిషికి. చిత్రం వెళ్ళినది సంతకు. వాస్తవికత అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు చూపటమే అయితే ఈ చిత్రం వాస్తవికమే. ఉన్నది ఎందుకు అలా ఉన్నదో చూపాలంటే మాత్రం ఆ సోఫా అవతల, తలుపు బయట నిలబడి రేపటి కచేరీకి తేదీలు ఖాయం చేస్తున్న మేనేజరు కూడా చట్రంలోకి రావాలి. మార్షల్ కెమేరా అటు తిరగలేదు. అతని పరిమితి ఇక్కడే ఉంది. అతను గాయకులను ప్రేమించాడు, గాయకులచేత పనిచేయించే యంత్రాన్ని అసహ్యించుకున్నాడు, ఆ యంత్రాన్ని మాత్రం చిత్రించలేదు.

యంత్రం అతన్ని వదల్లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోనే 1967లో ‘రోలింగ్ స్టోన్’ పత్రిక పుట్టింది. కోల్‌ట్రేన్ వెళ్ళిన ఇంటి యజమాని గ్లీసన్ దాని స్థాపకుల్లో ఒకడు. డెబ్బైల్లో రాక్ సంగీతం పెద్ద పరిశ్రమ అయింది. లండన్‌లో మిక్ రాక్ అనే ఫోటోగ్రాఫరు 1972లో డేవిడ్ బౌవీని, 1974లో క్వీన్ బృందాన్ని చిత్రించిన తీరు చూడండి: అక్కడ మళ్ళీ స్టూడియో దీపాలు వచ్చాయి, మళ్ళీ వేషం వచ్చింది. ఆ చిత్రాల్లో అందం ఉంది, తెలివి ఉంది. గాయకుడు పనివాడుగా కనబడటం మాత్రం పోయింది, దేవతగా వెలిశాడు. ఆ తరువాత ప్రచారాధికారులు దిగారు. కచేరీలో మొదటి మూడు పాటలదాకానే ఫోటోలు, ఆపైన బయటికి నడవాలనే నియమం వచ్చింది. మూడోపాటకు ఇంకా చెమట పట్టదు! చెమట పట్టని ముఖమే కంపెనీకి కావాలి. హక్కులన్నీ గాయకుడి కంపెనీకే రాసిమ్మనే ఒప్పందాలూ వచ్చాయి. అంతా తెరిచి ఉంచితే తీస్తాను, లేకపోతే తియ్యను అన్నది మార్షల్ షరతు. షరతు చెల్లని రోజులు వచ్చాయి; అతని పని తగ్గిపోయింది. కొకేను, తుపాకుల పిచ్చి, కోర్టు గొడవలు అతని జీవితంలో చాలా భాగాన్ని తినేశాయి. దీన్ని ప్రతిభావంతుడి విలాసంగా వర్ణించే పుస్తకాలు నాకు రుచించవు. ఒంటరిగా యంత్రంతో తలపడ్డ చిన్న ఉత్పత్తిదారుడు ఎలా చితికిపోతాడో చెప్పే కథ అది. సంఘం లేదు, తోటివారితో కూడిక లేదు. ఉన్నదల్లా తన నెగెటివ్‌ల మీద తన హక్కు. ఆ హక్కును మాత్రం అతను చచ్చేదాకా వదల్లేదు. 2014లో, పోయిన నాలుగేళ్ళకు, గ్రామీ సంస్థ అతనికి ట్రస్టీల పురస్కారం ఇచ్చింది. ఒక ఫోటోగ్రాఫరుకు అది దక్కటం అదే మొదలు.

ఇక నేను మొదట చెప్పిన పాతసమస్య. మన ప్రబంధకవికి కృతిభర్త ఉండేవాడు. శ్రీనాథుడు శృంగారనైషధాన్ని మామిడి సింగనకు అంకితమిచ్చాడు. కృతిభర్త ధనమిచ్చాడు, కావ్యానికి యజమాని అయ్యాడు, అవతారికలో వంశావళితో సహా వెలిశాడు. పోతన భాగవతాన్ని నరుడికి అంకితమివ్వలేదని మనం ఇప్పటికీ చెప్పుకుంటాము. కాని కావ్యాన్ని అమ్ముకున్న కవికి కూడా ఒక్క హక్కు మిగిలేది: ప్రతి ఆశ్వాసం చివరా గద్య. ఇది ఫలానావాడి కుమారుడు, ఫలానా పేరుగలవాడు రచించినది అని చెప్పుకునే హక్కు. ఏ రాజూ ఆ గద్యను కొట్టెయ్యలేదు. రాజుగారి పేరు మరిచిపోయినా కవి పేరు మనకు తెలియటానికి ఆ గద్యే కారణం.

ఫోటోగ్రాఫరుకు గద్య లేదు. మన దేశంలో 1957 కాపీరైటు చట్టంలో 17వ సెక్షను చూడండి. డబ్బిచ్చి ఎవరైనా ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ ఫోటోకు మొదటి యజమాని డబ్బిచ్చినవాడే. ఇది అక్షరాలా కృతిభర్త చట్టం. 2012దాకా ఛాయాచిత్రానికి రక్షణ అచ్చయిన నాటినుంచి అరవై ఏళ్ళే. ఆ సంవత్సరపు సవరణతో, మిగతా రచనలతో సమానంగా, కర్త జీవితకాలమూ ఆపైన అరవై ఏళ్ళూ అయింది. ఇది మంచి మార్పే. అయితే హక్కు ఎంతకాలం ఉంటుందన్నది మారింది గాని, ఎవరిదన్నది మారలేదు. అదే చట్టంలో 57వ సెక్షను మరొకటి చెబుతుంది: హక్కులన్నీ అమ్ముకున్న తరువాత కూడా ఇది నా కృతి అని చెప్పుకునే ప్రత్యేక హక్కు కర్తకు ఉంటుంది. మన ఆశ్వాసాంత గద్య చట్టంలో ఉన్నచోటు అది. ఉందని తెలిసినవారు ఎందరు? మా విద్యార్థుల్లో కొందరు వాయిదాలమీద కెమేరాలు కొనుక్కొని, శని, ఆదివారాలు పెళ్ళిళ్ళలో, కాలేజీ కచేరీల్లో ఫోటోలు తీసి ఫీజులు కట్టుకుంటున్నారు. వారిచేత పని చేయించుకునేవారు రోజుకింతని ఇచ్చి, చిత్రాలున్న కార్డును అక్కడే తీసేసుకుంటారు. మరునాడు ఆ చిత్రం కింద ఇంకొక సంస్థ పేరు ఉంటుంది. ఒప్పందం రాసుకొమ్మని నేను చెబితే, రాసుకొమ్మంటే రేపటినుంచి పిలవరు సార్ అంటారు. ఈ జవాబు ముందు నా చట్టపరిజ్ఞానం పెద్దగా పనికిరాలేదు. ఒక్కడు అడిగితే పిలవరు. అందరూ కలిసి అడిగితే ఏమవుతుందో వారు ఇంకా చూడలేదు. మార్షల్ కూడా చూడలేదు.

నాచారానికి ఈ విషయంలో సొంత చరిత్ర ఉంది. డెబ్బైల్లో ఎన్.టి. రామారావు నెలకొల్పిన రామకృష్ణ స్టూడియో ఇక్కడిదే. కృష్ణుడి వేషంలో ఆయన ఫోటో తెలుగునాట ఎన్ని పూజగదుల్లోకి ఎక్కిందో వేరే చెప్పనక్కర లేదు. రాక్ చిత్రకారులు డెబ్బైల్లో చేసిన పనిని, అంటే మనిషిని దేవుణ్ణి చెయ్యటాన్ని, మన సినిమా స్టిల్ ఫోటోగ్రాఫర్లు అంతకు చాలాముందే ‘మాయాబజార్’ నాటికే, 1957కే, సాధించారు. దేవుడి పటం గోడమీద ఉంది. తీసినవాడి పేరు పటంమీద లేదు. పటం చూసి దండం పెట్టినవారికి ఆ పేరుతో పని లేదు. ఓటు అడిగినవారికీ లేకపోయింది.

హైదరాబాదులో పేరు మిగిలిన ఫోటోగ్రాఫరు ఒకడున్నాడు: రాజా దీనదయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో కొలువుచేసి, ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైనాడు. సికిందరాబాదులో స్టూడియో పెట్టాడు, బిరుదులు పొందాడు, 1905లో చనిపోయాడు. ఆయన చిత్రాల అంచున సంస్థ పేరు ఉంటుంది. నవాబులూ, వేటలూ, చచ్చిన పులులూ, దర్బారులూ. మధ్యలో, 1899–1900 కరువునాటి నిజాము రాజ్యంలో సహాయకేంద్రం దగ్గర గుమిగూడిన బక్కమనుషులు. తీయించినవారి ఉద్దేశం ప్రభువుల దయను చూపటం. చూసేవారికి కనబడేది మాత్రం డొక్కలు. కృతిభర్త కోరిన అర్థాన్ని దాటి చిత్రం మాట్లాడగలదని దీనివల్ల తెలుస్తుంది. మార్షల్ చిత్రాలను కంపెనీ వస్తువులుగా కొట్టిపారేసేవారికి నా సమాధానం కూడా ఇదే.

నలభై ఏళ్ళ తరువాత మరో కరువు, మరో కెమేరా. 1943లో బెంగాల్ కరువును చిత్రించిన సునీల్ జానాను అక్కడికి తీసుకువెళ్ళినది కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి పి.సి. జోషి, చిత్రకారుడు చిత్తప్రసాద్ వెంట ఉన్నాడు. ఆ ఫోటోలు పార్టీ పత్రికలో అచ్చయి దేశాన్ని కదిలించాయి. ఇక్కడ కృతిభర్త ఉద్యమం. అది ఎంతో గొప్ప సంబంధం. కాని ఎంతకాలం నిలిచింది? 1948లో జోషి నాయకత్వం పోయింది, జానా పార్టీకి దూరమయ్యాడు. ఆపైన గిరిజనులనూ, నర్తకులనూ, కొత్తగా లేస్తున్న కర్మాగారాలనూ తీస్తూ బతికి, 2012లో బర్క్‌లీలో, మార్షల్ మొదటి గొప్పచిత్రం తీసిన ఆ ఊళ్ళోనే, పోయాడు. కంపెనీ మార్షల్‌ను వాడుకొని వదిలేసిందని మనం సులభంగా అంటాము. మన పక్షాన జరిగినదాన్ని కూడా అదే కొలతతో కొలవాలి. ప్రజానాట్యమండలి బుర్రకథ దళాల ఫోటోలు, నాజర్ కత్తిపట్టి అడుగు వేస్తున్న ఫోటోలు, ఆ తరువాత గొంగడి భుజాన వేసుకొని గజ్జెకట్టిన గద్దర్ ఫోటోలు మన సంచికల్లో పదేపదే వస్తూంటాయి. నేను చూసినవాటిలో చాలావాటికింద తీసినవారి పేరు లేదు. పెట్టుబడిదారు పేరు వెయ్యకపోతే దోపిడీ అంటాము. మనం వెయ్యకపోతే దాన్ని ఏమనాలో నాకు తెలుసు, కాని మనవాళ్ళు నిరాడంబరత అంటారు.

కళాకారుణ్ణి పనివాడుగా చూపటం మార్షల్ సాధించిన విజయమన్నాను. ఆ మాటను మన నేలమీద పరీక్షించే రెండు చిత్రాలున్నాయి. నల్లమల ప్రాంతపు కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. తలపాగా, భుజాన కిన్నెర, రాష్ట్రపతిభవన్. ఆ చిత్రం అన్ని పత్రికల్లోనూ అచ్చయింది. సినిమాలో ఆయన గొంతు అంతకుముందే వినబడింది. 2024 మే నెలలో అదే మొగులయ్య హైదరాబాదు తూర్పు శివార్లలో, ఉప్పల్‌నుంచి ఎంతో దూరంలేని తుర్కయంజాల్ దగ్గర, కట్టుబడిపని జరిగేచోట కూలిపని చేస్తూ కనబడ్డాడు. ఎవరో తీసిన ఆ దృశ్యం దేశమంతా తిరిగింది.

మార్షల్‌కు ఇటువంటి చిత్రం తీసే అవకాశం రాలేదు. అతని దేశంలో గాయకుడి చిత్రం వేరు, గనికార్మికుడి చిత్రం వేరు; 1963లో రెండూ తీసినా రెండు వేర్వేరు రీళ్ళమీద తీశాడు. తుర్కయంజాల్‌లో ఇద్దరూ ఒకే మనిషి. దాన్ని చూసి జాలిపడ్డ పత్రికలు, బిరుదు పొందినవాడికి ఇంత దుర్గతా అని రాశాయి. బిరుదు పొందని కిన్నెరవారికి, ఒగ్గువారికి, డప్పువారికి అది దుర్గతి కాదు, నిత్యకృత్యమని రాసిన పత్రిక ఒక్కటీ నా కంట పడలేదు. రాష్ట్రపతిభవన్ చిత్రాన్నీ తుర్కయంజాల్ చిత్రాన్నీ మన సంఘం ఏదో ఒక సంచికలో పక్కపక్కన అచ్చువెయ్యాలని నా సూచన. వేసేటప్పుడు రెండింటికిందా తీసినవారి పేర్లుండాలి. మొదటిది తెలుసుకోవటం కష్టం కాదు. రెండోది తీసిన మనిషిని, బహుశా ఆ పనిచోటనే ఫోను చేతబట్టుకు నిలబడ్డ మరో కూలీని, వెతకవలసి ఉంటుంది.